ఏడో సంతకం ఎవరి పేరున?

పోయినవారం కళ్లజోళ్లాయన్ని ఎక్కడ వదిలేశామో పాపం అక్కడే ఉన్నాడు. క్యూలో వదిలేసిన మనిషి ఎక్కడికి పోతాడు! ముందు తాడు, వెనక జనం, చంకలో పోస్టర్.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఈ కుటుంబంలో నాన్నవి కళ్లు, అమ్మవి ఇళ్లు, కూతురివి పళ్లు. అంటే నాన్నకి కళ్లజోళ్ల షాపు, అమ్మకి ఇళ్లు చూపించి బేరాలు కుదిర్చే పని, కూతురు పళ్ల డాక్టరు. ఆ కూతురు మనసుపడ్డ కుర్రాడు లిఫ్టులు బాగుచేస్తాడు. "అసలు జీవితంలో పైకొచ్చే రకమేనా?" అని నాన్న అడిగితే, "రోజూ వస్తాడు నాన్నా, మళ్లీ జాగ్రత్తగా కిందికి కూడా దిగుతాడు" అంది కూతురు. ఆ జవాబు విన్నాక నాన్నకి కోపం మాత్రం పైకొచ్చి, దిగలేదు.

ఇక పోస్టర్. ఎప్పుడో టీవీలో వచ్చిన హోటల్ సీరియల్ది. ఆ కుర్రాడూ దానికి వీరాభిమానేనట. ఏడుగురు నటులు మెట్ల మీద నిలబడి ఉంటారు. ఆరుగురి సంతకాలు పడ్డాయి. ఏడో ఆయన, ఆ సీరియల్లో ఇనుపచెయ్యి మేనేజరు వేషం వేసిన విలను, ఏ అభిమానుల మేళాకీ రాలేదు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఏడు కోసం ఏడుపే. పోయినవారం పిల్లలు పెళ్లి మాటెత్తితే, నాన్న తెలివిగా ఓ మేకు కొట్టాడు: "ఈ పోస్టర్ మీద ఏడో సంతకం పడనీ. అదీ నాకు నచ్చిన పద్ధతిలో పడాలి. నల్ల సిరా, కింద కుడి మూల, ఎవరి పేరూ ఉండకూడదు. ఆ రోజు మాట్లాడదాం." ఇనుపచెయ్యి గడప దాటడని ఆయన ధీమా. మర్నాడే మేళావాళ్ల ప్రకటన వచ్చింది. ఇనుపచెయ్యి వస్తున్నాడు! మొదటిసారీ, ఆఖరిసారీ కూడానట.

అలా నలుగురూ ఇప్పుడు ఈ పెద్ద హాల్లో ఒకే వరసలో నిలబడ్డారు. వరసలో నిలబడ్డారే గానీ వరస మాత్రం ఇంకా కలవలేదు.

హాలంతా గోల. ఒకవైపు మైకు, ఇంకోవైపు అట్టతో చేసిన హోటల్ మెట్లు, వాటి మీద ఫొటోలు దిగేవాళ్లు. చాలామంది మోచేతి దాకా వెండి కాగితం చుట్టుకుని ఇనుపచేతులతో తిరుగుతున్నారు. వాటితో టీ తాగడమే కష్టంగా ఉంది, కప్పు పట్టుకుంటే జారిపోతోంది.

"అంకుల్, వెండి మార్కర్ తెచ్చాను" అన్నాడు లిఫ్టబ్బాయి వినయంగా. "మేనేజరుది నల్లకోటు కదా. మొహం మీద నుంచి కోటు దాకా ఏటవాలుగా పెట్టించామనుకోండి, తళతళలాడిపోతుంది."

"మొహం మీదా?" నాన్న కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఎదుటివాడి మాట నచ్చకపోతే ఆయన చేసే మొదటి పని అది. "బాబూ, మనిషి మొహం మీద రాస్తే దాన్ని సంతకం అనరు, తలరాత అంటారు."

"నీ పద్ధతి మాత్రం ఏం గొప్ప నాన్నా!" కూతురు అందుకుంది. "మూలన ఇంత గీత గీయించుకుంటావు. పేరు లేదు, ఊసు లేదు, కరెంటు బిల్లులాగ."

"కరెంటు బిల్లు మీద పేరుంటుందే" అంది అమ్మ, మడత స్టూలు మీద నుంచి. క్యూ ఒక అడుగు కదిలితే ఆవిడా స్టూలుతో సహా ఒక అడుగు కదులుతోంది, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే. ఇల్లు మారినా సామాను విప్పని మనిషిలాగ.

నాన్నకి ఆటోగ్రాఫ్ అంటే ఒక క్రమం. సొంత పెన్ను తెచ్చుకుంటాడు. సిరా సాఫీగా దిగాలని దాన్ని పొద్దున్నుంచీ చొక్కా లోపలి జేబులో వెచ్చగా పెట్టుకుంటాడు. సంతకం పడాల్సిన చోటుని కళ్లజోళ్లు తుడిచే మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. నటుడితో నమస్కారం తప్ప ఒక్క ముక్క మాట్లాడడు. ఆయన లెక్కలో నటుడితో కబుర్లు పెట్టుకోవడం గుళ్లో పూజారితో సెల్ఫీ దిగడం లాంటిది. కూతురు సరిగ్గా దీనికి తలకిందులు. తన పేరుండాలి, తేదీ ఉండాలి, పాత్ర చెప్పిన డైలాగు ఒకటుండాలి, వీలైతే ఆ నటుడి పళ్లు కూడా ఓసారి చూడాలి. ఒక హీరోగారికి సంతకం పెట్టించుకుంటూనే వెనక పన్ను పుచ్చిందని చెప్పి వచ్చింది. అమ్మకి ఇవేవీ పట్టవు. "సంతకమంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో పెట్టేది. మిగతావన్నీ గీతలే" అంటుంది.

వాళ్ల ముందు నిలబడ్డ లావుపాటి మనిషి పద్ధతి ఇంకా విడ్డూరం. పాత్రలు చచ్చిపోయిన సీన్ల ఫొటోల మీదే ఆయన సంతకాలు పెట్టించుకుంటాడు.

"అదేం సరదా అండీ!" అంది అమ్మ.

"బతికున్న ఫొటోలకైతే అందరూ ఎగబడతారమ్మా. చచ్చాక ఎవరడుగుతారు?" అన్నాడాయన, ఇనుపచెయ్యి లిఫ్టు గోతిలో పడిపోతున్న ఫొటోని గుండెకి హత్తుకుని.

"నిజమేలెండి. ఖాళీ అయిన ఇంటికి కూడా ఎవరో ఒకళ్లు రావాలిగా."

అంతలో మెడలో పసుపు చీటీల కట్ట వేలాడేసుకుని ఒకావిడ క్యూ వెంట వచ్చింది. అభిమాని పేరు చీటీ మీద రాసి ఫొటోకి అంటిస్తే, నటుడు అది చూసి తప్పుల్లేకుండా రాస్తాడు. మేళాల్లో అదీ పద్ధతి.

"పేరు?" అంది చీటీలావిడ.

"పేరు వద్దు" అన్నాడు నాన్న, ఇన్నేళ్లుగా అంటున్నట్టే.

ఆవిడ పెన్ను ఆగింది. "వద్దంటే కుదరదండీ. ఈ టేబుల్ దగ్గర ఆ మాట చెల్లదు. ఈయన పేరు లేకుండా సంతకం పెట్టరు. పొద్దున్నే చెప్పేశారు."

నాన్న మొహంలో సిరా తగ్గి చిరాకు పెరిగింది. "అదేం రూలు?"

"రూలు కాదండీ, ఆయన ఇష్టం. మీకున్నట్టే ఆయనకీ ఓ ఇష్టం ఉండదూ?" అని ఖాళీ చీటీ ఒకటి పోస్టర్‌కి అంటించి, ఆవిడ వెనక్కి వెళ్లిపోయింది.

నలుగురూ ఆ ఖాళీ చీటీ వంక చూశారు. పేరుంటే నాన్న పెట్టిన షరతు చెల్లదు. పేరు లేకపోతే సంతకమే పడదు. సంతకం పడకపోతే పెళ్లి మాటే లేదు. అడ్డం తిరిగిన తాళంచెవి లాంటి సంగతి. తిరగదు, బయటికీ రాదు.

"నాన్నా, ఒక్క మెట్టు దిగు" అంది కూతురు.

"ఆరుగురు పేరు లేకుండా పెట్టారు. ఏడోవాడు పేరుతో పెడితే ఎలా ఉంటుందో తెలుసా? ఆరు పళ్లు తెల్లగా ఉండి ఒక పన్ను బంగారం తొడుక్కున్నట్టు ఉంటుంది. డాక్టరువి, నీకు నేను చెప్పాలా?"

"బంగారప్పన్ను నవ్వితేనే కనబడుతుంది నాన్నా. నువ్వు నవ్వవుగా, ఏం ఫరవాలేదు."

చచ్చిపోయిన సీన్లాయన పని ముగిసింది. తాడు పక్కకి జరిగింది. ఎదురుగా ఇనుపచెయ్యి.

సీరియల్లో తలుపు తీస్తే జనం గుండె జారిపోయేది గానీ, దగ్గరగా చూస్తే ఆయన చిన్న మనిషి. గళ్ల స్వెట్టరు, చెవి వెనక ఒక పెన్ను. రెండు చేతులూ మామూలు చేతులే, మెత్తగా, కాస్త వణుకుతూ. వచ్చినవాళ్లందరూ ముందు ఎడమచెయ్యే చూస్తారని తెలుసు కాబోలు, పలకరింపుగా ఆ చేతి వేళ్లు ఆడించాడు.

నాన్న నమస్కారం పెట్టి, పోస్టర్ పరిచి, మూల తుడిచి, వెచ్చటి పెన్ను మూత తీసి అందించాడు. అంతా సక్రమంగా జరిగింది. ఇనుపచెయ్యి ఆరు సంతకాలనీ ఒక్కొక్కటే చూసి, పాత స్నేహితుల్ని పలకరించినట్టు తలాడించాడు. తర్వాత ఖాళీ చీటీ మీద వేలు పెట్టాడు.

"ఎవరి పేరున రాయమంటారు?"

"పేరు వద్దండి. మీ సంతకం ఒక్కటి చాలు."

"పేరు లేకుండా నేను రాయనండి."

"పేరుంటే నేను తీసుకోనండి."

పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి ఒకడుంటే ఇంటికి సరిపోతాడు. ఇద్దరు ఎదురుపడితే రెండు కుందేళ్లకీ కలిపి ఆరే కాళ్లు. క్యూలో జనం మెడలు చాచారు. "పెద్దాయనా, తెగ్గొట్టండి, మా కాళ్లు పోతున్నాయి!" అని ఎవరో అరిచారు. వెండి కాగితపు చేతులు కొన్ని పైకి లేచాయి.

ఇనుపచెయ్యి పెన్ను టేబుల్ మీద పెట్టాడు. "ఒకసారి మా వీధి చివర కొట్లో నా సంతకాలు వేలాడుతుంటే చూశానండి. అద్దం వెనక, ఉతికి ఆరేసినట్టు. అన్నీ నేను పెట్టినవే. ఏది ఎవరికి పెట్టానో ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు. సంతలో సంతకాలయిపోయాయి. అప్పట్నుంచి పేరడుగుతాను. పేరు రాయాలంటే తలెత్తి మొహం చూడాలి కదా. ఆ రెండు క్షణాలు ఆ మనిషి నా మనిషే. అది లేకపోతే నేనెందుకు, రబ్బరు స్టాంపు చాలదూ?"

జనం 'అయ్యో' అన్నారు. నాన్న కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టాడు గానీ, ఈసారి నచ్చక కాదు.

"మీరు చెప్పింది బాగుందండి" అన్నాడు చివరికి. నటుడితో నమస్కారం కాకుండా ఆయన మాట్లాడిన మొదటి వాక్యం అదే. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "కానీ నాదీ వినండి. ఈ పోస్టర్ మా ఇంట్లో హాల్లో ఉంటుంది. ఎవరి గదిలోనూ కాదు. ఈ సీరియల్ మేమందరం ఒకే సోఫాలో ఇరుక్కుని చూశాం. పేరు రాసిన రోజున ఇది ఒకరి సొంతమైపోతుంది. మిగతావాళ్లు దీని ముందు చుట్టాలైపోతారు. అందుకే ఎవరి పేరూ వద్దంటాను. నాది కూడా వద్దనే కదా అంటున్నాను!"

ఇప్పుడు జనం ఇటువైపు 'అయ్యో' అన్నారు. ఏ 'అయ్యో' బరువెక్కువో తేలలేదు.

అమ్మ స్టూలు మీద నుంచి లేచింది. ఇళ్ల బేరం ఎక్కడ చెడబోతుందో ఆవిడకి వాసన వస్తుంది. "ఆగండాగండి. మీ ఇద్దరి సంగతీ నాకర్థమైంది. ఏమండీ, మీరేమో ఖాళీగానే ఉంచుతానంటారు. అయ్యా, మీరేమో మనుషులు దిగితే గానీ తాళం ఇవ్వనంటారు. ఇద్దరూ మంచి ఓనర్లే. మధ్యన ఇల్లే పాడుబడిపోతోంది. జాయింటు చేసేద్దాం. ఇంటిల్లిపాదివీ రాయించండి."

ఇనుపచెయ్యి మూల వంక ఒక కన్ను మూసి చూశాడు. "ఇంటిల్లిపాదీ పట్టరమ్మా. ఇరుక్కుంటే ఇద్దరు."

"ఇద్దరు" అన్న మాట టేబుల్ మీద కాసేపు అలాగే కూర్చుంది. నలుగురిలో ఏ ఇద్దరు?

వెనక నుంచి గుసగుస వినబడింది. కళ్లజోళ్లాయనకి కళ్లు వయసుకి తగ్గట్టున్నాయి గానీ చెవులు మాత్రం కుర్రవే.

"వెనక్కి వెళ్లిపోదాం" అంటున్నాడు లిఫ్టబ్బాయి కూతురితో. "నాన్నగారికి ఇష్టంలేని పని మన కోసం చేయించొద్దు. ఆ మూల ఖాళీగానే ఉండనీ."

"పిచ్చా నీకు? ఈయన మళ్లీ రాడు. సంతకం లేకపోతే నాన్న మన మాట కూడా ఎత్తనివ్వడు!"

"ఇంకో దారి చూద్దాం. బతిమాలుకుందాం. ఇన్నేళ్లు ఒకలాగ దాచుకున్నదాన్ని మన పెళ్లి కోసం పాడుచేస్తే, రోజూ హాల్లోకొచ్చినప్పుడల్లా ఆయన దాన్ని చూస్తూ కూర్చోవాలి. నాకిష్టం లేదు."

నాన్న కదల్లేదు. వీపు మాత్రం విన్నది. ఈ కుర్రాడు వెండి మార్కరు మనిషి, మొహం మీద గీతలు గీయించే రకం, పద్ధతి అంటే ఏమిటో తెలియనివాడని ఇంతకాలం అనుకున్నాడు. తీరా చూస్తే పక్కవాడి పద్ధతిని పాడుచేయకూడదన్న పద్ధతి ఒకటి వాడి దగ్గరుంది. అది తన దగ్గర కూడా లేనిది.

ఆయన పోస్టర్ని మరోసారి తుడిచాడు. అవసరం లేదు, అయినా తుడిచాడు.

"రాయండి" అన్నాడు.

"ఎవరి పేరు?"

"మా అమ్మాయిది." వెనక్కి తిరక్కుండానే బొటనవేలితో చూపించాడు. "పక్కన ఆ అబ్బాయిది. ఇద్దరిదీ."

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. కూతురు ఒక్క పన్నూ దాగనంత వెడల్పుగా నవ్వింది. వెనక ఎవరికి ఏం అర్థమైందో గానీ జనం చప్పట్లు మొదలెట్టారు. వెండి కాగితాలు చిరిగి హాల్లో ఎగిరాయి. చచ్చిపోయిన సీన్లాయన వెనక్కి పరిగెత్తుకొచ్చి, "ఏమైంది? ఎవరైనా పోయారా?" అన్నాడు ఆశగా.

"లేదండీ, కుదిరింది!" అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. "రెండు శాతం కమిషన్ కూడా లేని బేరం, ఇన్నాళ్లకి ఒకటి కుదిరింది!"

"ఇటు రా" అన్నాడు నాన్న లిఫ్టబ్బాయితో, మొహం చూడకుండా. "అంకుల్, గింకుల్ మానెయ్యి. మామయ్యా అను. వినడానికి నాక్కూడా కాస్త అలవాటు కావాలి."

ఇనుపచెయ్యి తలెత్తి కూతురి మొహం రెండు క్షణాలు చూశాడు. తల దించి ఆమె పేరు రాశాడు, గుండ్రంగా, పొందిగ్గా. పక్కన కామా పెట్టాడు. మళ్లీ తలెత్తి లిఫ్టబ్బాయి మొహం చూశాడు.

"నీ పేరు చెప్పు బాబూ."

లిఫ్టబ్బాయి నోరు తెరిచాడు. కూతురు మోచేత్తో పొడిచింది. రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులా నిలబడ్డాడు.

"నా పేరు రాయకండి సార్."

చప్పట్లు తెగిపోయాయి.

"కామా పెట్టేశాక రాయకండంటే ఎలాగయ్యా!" అన్నాడు నాన్న.

"మామయ్యా..." కుర్రాడు ఆగాడు. "ఆ మాట అనొచ్చో లేదో, ఇది విన్నాక మీరే చెప్పండి. ఊరికే క్యూలో అయితే ఎలాగో నెట్టుకొచ్చేసేవాడిని. కానీ మీరు ఇన్నేళ్లు ఒక్క పేరూ రాయించని చోట నా పేరు రాయిస్తున్నారు. అబద్ధం మీద రాయించుకోలేను."

"వద్దు, ఇప్పుడు కాదు!" అంది కూతురు పళ్ల సందుల్లోంచి. అంటే ఆమెకి తెలుసు!

"నా దగ్గర ఆరుగురి ఆటోగ్రాఫులూ ఉన్నాయి. ఏ సిరా ఎలా మెరుస్తుందో నాకు తెలుసు. ఎవరు ఏ భాగంలో ఏమన్నారో అడిగితే చెబుతాను, అదంతా మీ అమ్మాయే చెప్పింది, తన క్లినిక్కులో. కానీ సార్..." ఈసారి ఇనుపచెయ్యి వైపు తిరిగాడు. "నేను తను నిలబడిన క్యూల్లో నిలబడ్డానంతే. మీ సీరియల్ నేను ఒక్క భాగం కూడా చూడలేదు."

మూడొందల మంది అభిమానులున్న హాల్లో ఆ మాట ఎంత దూరం వెళ్లాలో అంత దూరం వెళ్లింది. మైకు కూడా ఆగింది. వెండి కాగితం చుట్టుకున్న ఒక చేతిలోంచి టీ కప్పు జారి పడింది.

నాన్న కళ్లజోడు తీశాడు. తుడవలేదు. చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఇనుపచెయ్యి పెన్నుకి మూత పెట్టాడు. కుర్చీ వెనక్కి నెట్టాడు. పొద్దున్నుంచీ ఎవరి కోసమూ లేవనివాడు, టేబుల్ అంచు పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. పోస్టర్ని తన వైపు లాక్కుని, దాని మీద ఎడమచెయ్యి ఆనించాడు. మెట్ల మీద మనుషులు కనిపించకుండా సగం పోస్టర్ని ఆ చెయ్యి కప్పేసింది.

"మీరందరూ కాస్త అవతలికి జరగండి" అన్నాడు, సీరియల్లో తలుపు తీసినప్పటి గొంతుతో. "ఈ అబ్బాయితో నేను ఒంటరిగా మాట్లాడాలి."

కూతురి పేరు పక్కన కామా ఇంకా తడారలేదు.